పసిబిడ్డ రొమ్ము పిండిన చేతులు

నా మనుమరాలి ఎడమ రొమ్మును పిండినది నేను. నీళ్ళు పోయడానికి వచ్చిన కోటమ్మ కాదు, బాలింతగా ఉన్న నా కూతురు తిన్న కూర కాదు, దిష్టి కాదు, గ్రహచారం అంతకంటే కాదు. ముప్పై రెండేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా పనిచేసి, పిల్లల తప్పులకు ఎర్రసిరాతో సున్నలు చుట్టిన ఈ చేతులే ఆ పని చేశాయి. ఈ మాట మొదటి వాక్యంలోనే రాసుకోకపోతే తరువాతి వాక్యాలన్నీ దానిని కప్పిపుచ్చడానికే అల్లుకుంటాయని నాకు తెలుసు. భాష బాగా వచ్చినవాళ్ళకు అది మరీ సులభమైన విద్య.

పాపకు ఇప్పుడు ఐదో నెల నడుస్తున్నది. ప్రాణభయం తీరింది. తీరింది కనుకనే కలం పట్టగలిగాను. జాలి కోసం రాయడం లేదు, క్షమాపణ కోసమూ కాదు. ‘జరగవలసింది జరిగింది, ఇప్పుడెందుకు తవ్వుకోవడం’ అని మా బంధువులు నలుగురైదుగురు నాకు హితవు చెప్పారు. వారి హితవును సగౌరవంగా తిరస్కరిస్తూ రాస్తున్నాను.

మాఘ శుద్ధ దశమినాడు నరసరావుపేటలో నా కూతురు వైదేహికి తొలికాన్పు. ఆడపిల్ల. మూడోనాటికి తల్లినీ బిడ్డనూ మా ఊరు రొంపిచెర్లకు తెచ్చుకున్నాము. అప్పటినుండి ప్రతి ఉదయమూ కోటమ్మ వచ్చేది. మా వీధిలో పుట్టిన పిల్లల్లో చాలామందికి, వైదేహితో సహా, నీళ్ళు పోసిన చెయ్యి ఆమెది. పీట మీద కాళ్ళు చాచి కూర్చొని, బిడ్డను మోకాళ్ళ మీద పడుకోబెట్టుకొని, నూనె పట్టించి, నలుగు పెట్టి, ముక్కు సాగదీసి, తల గుండ్రంగా ఒత్తి, చిట్టచివర రొమ్ములు పిండేది.

ఇది తెలియనివారికి కొంచెం చెప్పాలి. పుట్టిన కొద్ది రోజులకు కొందరు పసిపిల్లలకు, ఆడైనా మగైనా, రొమ్ములు చిన్నగా ఉబ్బుతాయి. తాకితే చుక్క పాలవంటిది వస్తుంది. కడుపులో ఉండగా తల్లినుండి సంక్రమించిన హార్మోన్ల ప్రభావం అది. ముట్టకుండా వదిలేస్తే కొన్ని వారాలలో తానే అణిగిపోతుంది. ఇది నేను నేడు ఎరిగిన సంగతి. నాడు ఎరిగినది వేరు. ఆ పాలు తీసేయకపోతే గడ్డ కడుతుందనీ, ఆడపిల్లకైతే ఎదిగాక రొమ్ము వంకర పోతుందనీ మా అమ్మ నాకు చెప్పింది. ఆమెకు వాళ్ళ అమ్మ చెప్పింది. ఇంతకాలంలో ‘ఎందుకు?’ అని ఎవరమూ అడగలేదు.

బహుళ విదియనాడు కోటమ్మ చుట్టాల ఇంట చావుకు వెళ్తూ ఫోను చేసింది.

“పంతులమ్మగారూ, ఇయ్యాల మీరే పోసుకోండి. పాలు పిండటం మాత్రం మర్చిపోమాకండి. ఎడమవైపు చానా గట్టిగా ఉంది, సరిగా రావట్లా.”

పిండాను. బిడ్డ అంతకుముందెన్నడూ ఎరుగని గొంతుతో కేక పెట్టింది. గడపలో నిలుచున్న వైదేహి తల్లడిల్లింది.

“అమ్మా, ఇక చాల్లే! ఎర్రగా అయిపోయింది చూడు.”

“నీకూ ఇట్లాగే పిండారే. నువ్వేమన్నా చచ్చావా?”

నేనన్న మాట ఇదే. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

మరునాటికి ఆ చోట దోరపండు రంగు తిరిగింది. చవితినాటికి వేడెక్కి, రాయిలా గట్టిపడింది. నేను మందుల కొట్టుకు వెళ్ళాను. కొట్టతను ఏవో యాంటీబయాటిక్ చుక్కలిచ్చి, రెండు పూటలా నోట్లో వేయమన్నాడు. మరునాటికి తగ్గకపోతే మళ్ళీ వెళ్ళి, “ఇంకొంచెం పవరుది ఇవ్వు నాయనా” అని అడిగింది నేనే. అతడు ఇచ్చాడు. మా ఇళ్ళల్లో జ్వరానికైనా, దగ్గుకైనా, పంటినొప్పికైనా ఇదే వైద్యం. రెండు రోజులు ఒకటి, తగ్గకపోతే మరొకటి, తగ్గగానే సీసా అటక మీదికి.

రెండో మందు తెచ్చిన ఆ పంచమినాడే పురుడు. ఇల్లంతా చుట్టాలు. మాచర్ల నుండి వియ్యపురాలు అనసూయమ్మ పట్టుగౌనుతో, వెండి మొలతాడుతో దిగింది. పాపకు ఆ గౌను తొడిగాము. ఎర్రదనం పట్టు కింద కనుమరుగైంది. వచ్చినవాళ్ళందరూ బిడ్డను చేతులు మార్చుకొని ముద్దాడారు.

“బంగారంలాంటి పిల్ల! ఇంతమంది ఎత్తుకున్నా ఏడవనే ఏడవదు,” అంది ఒకావిడ.

అందరమూ మురిసిపోయాము. ఏడవలేని బిడ్డను చూసి బుద్ధిమంతురాలని మురిసిపోయాము.

షష్ఠినాడు పొద్దున్నే వైదేహి అరుపు విని పరుగెత్తాను. ఎర్రదనం చంకదాకా, ఇటు పొట్టదాకా పాకింది. నడుమ చర్మం నీలిరంగు తిరిగింది. పాలు పట్టబోతే పెదవులు కదలలేదు. అల్లుడు శ్రీనివాసు కారులో అందరమూ నరసరావుపేట వెళ్ళాము. అక్కడి పిల్లల డాక్టరు పాపను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“గుంటూరు తీసుకుపొండి. ఇంటికిపోయి బట్టలు సర్దుకుని కాదు. ఇట్నుంచి ఇటే.”

ఆ నలభై కిలోమీటర్ల దూరమూ వైదేహి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టుకొని కూర్చుంది.

గుంటూరు ఆసుపత్రిలో పాపను లోపలికి తీసుకొనిపోయిన తరువాత ఒక డాక్టరమ్మ బయటికి వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు.

“పాప రొమ్ము ఎవరన్నా పిండారా? ఇంతకుముందు మందులేమన్నా వాడారా?”

నేను నోరు తెరిచేలోగా అనసూయమ్మ అందుకుంది. “పిండటమేందండీ! మా కోడలు పత్యం ఉండలా. పురుటిలోనే వంకాయకూర తినింది. చెప్తే వింటేగా!”

వైదేహి నా వైపు చూసింది. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

“లేదండీ. ఏమీ వాడలేదు,” అన్నాను.

ఆ మాట అన్నది ఏ బెదురు మనిషో కాదు. సత్యవాక్పాలన గురించి తరగతి గదిలో గంటల తరబడి గొంతు చించుకొన్న మనిషి. రొంపిచెర్లలో నా మాటకు ఉన్న మన్నన ఒక్క క్షణం నా కళ్ళముందు మెదిలింది. దానిని కాపాడుకోవడానికి పన్నెండు రోజుల బిడ్డను, ఆ బిడ్డ తల్లిని ఒకేసారి అమ్ముకున్నాను.

ఆ సాయంత్రమే గాటు పెట్టి చీము తీశారు. తరువాతి రెండు రోజులూ నిరీక్షణే. ఇనుప కుర్చీల హాలు, గోడకొక టీవీ, అద్దాల తలుపు. తలుపు తెరుచుకొని “బేబీ ఆఫ్ వైదేహి!” అని పిలిచిన ప్రతిసారీ అందరమూ లేచి నిలబడేవాళ్ళము. ఒకసారి దూది కొనుక్కురమ్మనడానికి పిలిచారు. ఒకసారి ఊరికే సంతకానికి. పిలుపు ఏదైనా గుండెకు మాత్రం ఒకటే వార్తగా వినబడేది. మా పక్క కుర్చీలో దుర్గి నుండి వచ్చిన వీరాచారి ఉండేవాడు. రాతి విగ్రహాలు చెక్కే మనిషి. ఆయన కూతురికి నెలలు నిండకుండా కవలలు పుట్టారు. నేను లేచి వెళ్ళినప్పుడల్లా నా కుర్చీ మీద తన తువ్వాలు వేసి కాపాడేవాడు. “అమ్మా, ఈడ కుర్చీ దొరకటం అసెంబ్లీ సీటు దొరికినంత కష్టం. గట్టిగా పట్టుకోండి,” అనేవాడు.

పాపకు గొట్టం ద్వారా తల్లిపాలు పోస్తున్నారు. అందుకోసం మూడేసి గంటలకొకసారి వైదేహి లోపలి గదికి వెళ్ళాలి. అష్టమినాడు నేనూ తోడు వెళ్ళాను. నర్సు ఆమెకు చేత్తో పాలు పిండడం నేర్పుతోంది. నేను సాయం చేయబోతే నర్సు నా మణికట్టు పట్టుకొని ఆపింది.

“మామ్మగారూ, మీరొద్దు. తల్లిని చేసుకోనివ్వండి. గట్టిగా నొక్కితే లోపల దెబ్బ తగుల్తది. పెద్దోళ్ళకే అంత సున్నితం.”

పెద్దవాళ్ళకే! నేను బయటికి వచ్చేశాను. వైదేహి వెనకాలే వచ్చింది. కోపంగా మాట్లాడివుంటే భరించేదాన్ని.

“అమ్మా, నేను వంకాయ తిన్నానని మా అత్తయ్య హాలులో అందరికీ చెప్తంది. చెప్పనీ. నేను పడతా. కానీ డాక్టరుకు నిజం తెలియకపోతే పాపకేమన్నా అవుద్దేమో. అదొక్కటే నా భయం.”

నవమినాడు చీము పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరమ్మ మా అందరినీ పిలిచి, ఈ క్రిమి మామూలు మందులకు లొంగే రకం కాదనీ, ఇన్నాళ్ళుగా ఇస్తున్నది దానిమీద పనిచేయడం లేదనీ, పెద్ద మందుకు మారుస్తున్నామనీ చెప్పింది. ఆమె మాట ముగియకముందే నేను లేచాను.

“మొన్న మీరడిగితే లేదన్నాను. అబద్ధం. రోజూ పిండించాను. ఒకనాడు నేనే పిండాను. కొట్టులో కొని రెండు రకాల చుక్కలూ వేశాను. ఇందులో వీళ్ళెవరి తప్పూ లేదు.”

ఆమె నన్ను తిట్టలేదు. రాస్తున్న కాగితం మీదనుండి కలం ఎత్తి, “ఇది మొన్నే చెప్పుంటే...” అని ఆగింది.

“చెప్పివుంటే?”

“రిపోర్టు రాకముందే మందు మార్చేదాన్నేమో. కచ్చితంగా అనలేనమ్మా. ఇప్పుడు చెప్పారుగా, ఆ పేర్లు చెప్పండి.”

“నేనేసిన చుక్కలవల్లే ఈ క్రిమి ఇట్లా మొండిదయిందా?”

“మీరేసిన మూడు రోజులతోనే పుట్టిందనను. కానీ వీధివీధినా మీలాగే వాడబట్టి ఇట్లాంటివి బలిసినై. ఈ పాపకు ఏ చేతినుంచి అంటిందో ఎవరూ చెప్పలేరు.”

ఓదార్పు మాటలకు నేను సిద్ధపడి ఉన్నాను, నిందకూ సిద్ధపడి ఉన్నాను. ఆమె రెండూ ఇవ్వలేదు. నిజం మాత్రమే ఇచ్చింది. దానికి నేను ఈనాటికీ కృతజ్ఞురాలిని.

హాలులోకి రాగానే అనసూయమ్మ విరుచుకుపడింది. “ఏంది వదినా ఇది! పదిమందికి చదువు చెప్పినదానివి! నా కోడల్ని నేను అన్నేసి మాటలంటంటే నోరు మూసుకుని వింటావా? నాచేత కూడా పాపం చేయించావు గదా!”

ఆమె కోపం న్యాయమైనది. తలవంచి విన్నాను. నేను తలవంచినది ఆ ఒక్కసారే.

ఎందుకంటే మరునాడు, దశమినాడు, మరొక రకం మాటలు మొదలైనాయి. చచ్చిపోయిన చర్మాన్నీ కండనూ కోసి తీసేయకపోతే ఏ మందూ పనిచేయదనీ, ఆ పని గంటలోపల మొదలుకావాలనీ డాక్టరమ్మ చెప్పింది. “ఎడమ రొమ్ము మొగ్గ మిగులుతుందని మాటివ్వలేను. పాప మిగలాలని చేస్తన్నాం,” అని సంతకం కోసం కాగితం ఇచ్చి వెళ్ళింది.

శ్రీనివాసు కాగితం అందుకొని జేబులోని కలం తీశాడు. అనసూయమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

“ఒరేయ్, ఆగరా. ఆడపిల్లరా అది. ఒక రొమ్ము కోసేస్తే రేపు దాన్నెవడు చేసుకుంటాడు?”

వీరాచారి పక్కనుండి గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, మధ్యలో మాట్లాడుతున్నా, ఏమనుకోమాకండి. రాయిలో చచ్చుపొర వచ్చిందనుకోండి, విగ్రహం చెయ్యి కాడ వచ్చింది గదా అని వదిలేస్తే విగ్రహమంతా పగులుద్ది. ఆ పొర తీసెయ్యాల్సిందే.”

“రాయికి పెళ్ళి చెయ్యం గదన్నా!”

“ఎందుకు చెయ్యరు? నేను చెక్కేది అమ్మవారినే. ఏటేటా కల్యాణం చేస్తానే ఉన్నారుగా!”

అంత దుఃఖంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. అనసూయమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంటూ, “ఇంకా ఎంత కోస్తారు పసిగుడ్డును? ఇంటికి తీసుకుపోదాం. ఉంటే ఉంటది, లేకపోతే దేవుడిచ్చింది దేవుడే తీసుకున్నాడనుకుందాం,” అంది.

అప్పుడు నాలో ఏదో నిటారుగా లేచి నిలబడింది. అది కోపమో, ధైర్యమో, చేసిన తప్పు వెనకనుండి తోసిన తోపో తెలియదు.

“దేవుడేమీ తీసుకోవడం లేదు వదినా. ఆయనమీదికి తోయకు. నా చేతులు చేసిన పనిని నేను దేవుడి పద్దులో రాయనివ్వను. ఈ బిడ్డను ఇక్కడినుంచి కదపడానికి వీల్లేదు. కదిపితే నా మీదుగా కదపండి,” అని అద్దాల తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

శ్రీనివాసు తల్లినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఇంతలో వైదేహి పాలగదినుండి వచ్చింది. విషయం విని తడిచేతులు చీరకు తుడుచుకొని, భర్త చేతిలోని కలం తీసుకొని సంతకం చేసింది.

“పెళ్ళి సంగతి అది బతికి పెద్దయ్యాక చూసుకుంటది, అత్తయ్యా. బతకటం మాత్రం ఇవ్వాళే చూడాలి.”

కోత ఎంతసేపు జరిగిందో నేను గడియారం చూడలేదు. మొగ్గ మిగల్లేదు. పాప మిగిలింది.

మిగిలిందని మేము నమ్మడానికి మరి నాలుగు రోజులు పట్టింది. చతుర్దశి, శివరాత్రి. హాలులోని టీవీలో కోటప్పకొండ తిరునాళ్ళకు ఎత్తైన ప్రభలు కదులుతున్నాయి. మా వీధివాళ్ళంతా అక్కడే ఉంటారు. ఆ మధ్యాహ్నం నర్సు తలుపు తీసి ఎప్పటిలాగే పిలిచింది. ఎప్పటిలాగే లేచి నిలబడ్డాను.

“జ్వరం లేదు మామ్మా, నిన్నటినుంచీ. ఇందాక పాలగొట్టం సరిచేస్తంటే నా వేలు పట్టుకుని వదల్లా. ఏడుస్తంది కూడా. లోపలంతా గోలగోల చేస్తంది!”

ఏడుస్తున్నది! ప్రపంచంలో ఇంతకంటే శ్రావ్యమైన వార్త నేను వినలేదు. వైదేహి నేలమీదనే కూలబడి ఏడ్చింది. ఉపవాసమున్న అనసూయమ్మ నా పక్కకు వచ్చి కూర్చొని, సీసాలోని మజ్జిగ నా చేతికి ఇచ్చింది. “నువ్వన్నా తాగు వదినా. ఇద్దరం పడిపోతే ఆ పిల్లని మోసేదెవరు?” నవమినాటి తిట్ల తరువాత ఆమె నాతో మెత్తగా అన్న తొలిమాట అది. క్షమించిందని నేననుకోలేదు, క్షమించమని అడగనూ లేదు. మజ్జిగ తాగాను.

ఫాల్గుణ శుద్ధ దశమినాడు ఇంటికి వచ్చాము. కట్టు మార్చడం నర్సు నాకు కాదు, వైదేహికి నేర్పింది. నేను సబ్బుతో మోచేతులదాకా చేతులు కడుక్కొని పక్కన నిలబడి, అడిగినది అందిస్తాను. అంతవరకే నా అధికారం. అది సబబే.

వైశాఖంలో మా ఎదురింట రమాదేవికి మనుమడు పుట్టాడు. కోటమ్మ నీళ్ళు పోయడానికి వస్తున్నదని తెలిసింది. ఐదోనాడు నేను పాపను ఎత్తుకొని బయలుదేరాను. గౌను విప్పి ఆ మచ్చను వాళ్ళందరికీ చూపించాలని నా ఉద్దేశం. చూశాక ఎవరి చెయ్యి లేస్తుందో చూస్తాను అనుకున్నాను.

వైదేహి గుమ్మంలో అడ్డుకుంది. “దాన్నెత్తుకుని ఎక్కడికి?”

చెప్పాను.

“వద్దు. దాని ఒళ్ళు దానిది. ఊరందరికీ చూపించటానికి అది నీ ఎర్రసిరా కాగితం కాదు. చూపించాలంటే నీ చేతులు చూపించు.”

బిడ్డను నా చేతుల్లోంచి తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. నాకు చురుక్కుమన్నది. తరువాత ఒంటరిగా వీధి దాటాను. ఇక్కడ పాప పేరు కనబడకపోవడానికీ కారణం ఆ మాటే.

ఎదురింటి పెరట్లో నలుగురు ఆడవాళ్ళు చేరి ఉన్నారు. కోటమ్మ మోకాళ్ళ మీద బిడ్డ. రొమ్ములు చిన్నగా ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి రమాదేవి అత్తగారు నాగరత్నమ్మ నవ్వింది. “వచ్చిందమ్మా పంతులమ్మ! ఇంక పాఠం మొదలు.”

మొదలుపెట్టాను. నా చేతులు చాచి, ఏ వేళ్ళతో ఎట్లా పిండానో, ఆ తరువాత ఏమేమి పోయిందో, డాక్టరు అడిగితే ఎట్లా బొంకానో అన్నీ చెప్పాను. మొదట తేరుకున్నది నాగరత్నమ్మే.

“నీ పిల్లకి అయిందని అందరికీ అవుద్దా? మేమందరం పిండించుకున్నోళ్ళమేగా.”

“అందరికీ కాదు. ఎవరికవుతుందో చెప్పి పిండండి, నేను వెళ్ళిపోతాను.”

కోటమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. “అంటే, నా వల్లేనా అమ్మగారూ? ఇన్నేళ్ళూ నేను చేసింది...”

“నువ్వు తెలియక చెప్పావు. నేను అడగకుండా చేశాను. చదువు నాది కాబట్టి తప్పు కూడా నాదే ఎక్కువ.”

“మరి ఉబ్బితే ఏం చెయ్యాల?”

“ఏమీ చెయ్యొద్దు. ఎర్రబడినా, వేడెక్కినా, బిడ్డ పాలు తాగకపోయినా ఆ పూటే డాక్టరు దగ్గరికి. మందుల కొట్టుకు కాదు.”

“ఏమీ చెయ్యకుండా ఉండటానికి నన్నెందుకు పిలుస్తారమ్మా?” అని ముక్కు చీదుకుంది.

“నీళ్ళు పొయ్యడానికి. నీ అంత చక్కగా ఎవరు పోస్తారే?”

ఆమె ఆఖరి చెంబు పోసింది. వేడినీళ్ళ ఆవిరిలో బిడ్డ కాళ్ళు ఝాడించాడు. పాత చీర ముక్కతో ఒళ్ళంతా అద్ది, పొత్తిళ్ళలో చుట్టడం మొదలుపెట్టింది.

“అదేందే, పిండవా?” అంది నాగరత్నమ్మ.

“నేను పిండను. నీకంత మోజయితే నువ్వే పిండు. పిండి, రేపు ఈ పంతులమ్మగారి లాగా ఇల్లిల్లూ తిరిగి చెప్పుకో.”

ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు. ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది, తగలనిచ్చాను. నాగరత్నమ్మ గొణుక్కుంటూ చేతులు చాచింది. కోటమ్మ బిడ్డను ఆమెకు ఇవ్వకుండా లేచి, నేరుగా తీసుకొనిపోయి తల్లి ఒడిలో పెట్టింది.